లాకు దగ్గర మనిషి

నా చిన్నప్పుడు నాకు వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే, లాకు. అది ఇంగ్లీషని కూడా నాకు తెలియదు. గట్టు, తూము, రేవు ఎలాగో లాకూ అలాగే మన మాటేననుకునేదాన్ని. ఏలూరు కాలవ గట్టు మీద పాక వేసుకుని బతికినవాళ్ళం మేము. బడి మొహం చూడని మా అమ్మ కూడా పొద్దస్తమానం ఆ మాట అంటూనే ఉండేది. పడవ లాకు దాటిందా, లాకు దగ్గర ఆగిందా, లాకు తీశారా లేదా. మా నాన్న పడవ మీద పనిచేసేవాడు కనక మా ఇంట్లో పొయ్యి వెలగడం ఆ కబురు మీదే ఉండేది.

ఇప్పుడు నేను వట్లూరులో ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా ఉన్నాను. అందరూ కాలేజీ పిల్లలు. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది వీళ్ళే. ఇది రాస్తున్నదీ ఆ అక్షరాలతోనే. ఒత్తులు తప్పితే వాళ్ళే దిద్దుతారు. మొన్న ఒక పిల్ల సెల్‌ఫోను పట్టుకుని, లాక్ అయిపోయింది ఆంటీ, ఎన్ని నొక్కినా తెరుచుకోవడం లేదు అని ఏడుపు మొహం పెట్టుకుని వచ్చింది. ఫోనుకి కూడా లాకేమిటే అని అడిగాను. పక్కనున్న పిల్ల లావుపాటి డిక్షనరీ తీసి ఆ మాటకున్న అర్థాలన్నీ చదివి వినిపించింది. తాళం ఒక అర్థం. కాలవ మీద కట్టే లాకు ఇంకొకటి. తుపాకీలో ఏదో భాగమట. కుస్తీలో ఒక పట్టట. జుట్టు పాయని కూడా లాకే అంటారట. జుట్టుకి ఆ పేరెందుకొచ్చిందో ఆ పిల్లకీ తెలియదు, నాకు తెలిసే దారే లేదు. పోలీసుల లాకప్పు, మిల్లులో లాకౌటు, స్కూటరు హ్యాండిలు లాకు, ఇవి మాత్రం పుస్తకం చూడకుండా నేనే చెప్పాను. పిల్లలు నవ్వారు. ఇన్ని ఉన్నా నాకు పనికొచ్చిన అర్థం వాళ్ళ పుస్తకంలో లేదు. అది నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంటి కిటికీ దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

ముందు కాలవ లాకు సంగతి చెప్పాలి. ఇప్పటివాళ్ళు అది పనిచేస్తుండగా చూసి ఉండరు. ఆ రోజుల్లో ఏలూరు నుంచి గూడెం మీదుగా పై ఊళ్ళకి పడవలు నడిచేవి. కొల్లేటి తుంగచాపలు, ధాన్యం, పొగాకు, పెళ్ళివారు, అన్నీ పడవ మీదే. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులే లాగేవారు. మా నాన్న తాడు భుజాన వేసుకుని గట్టు మీద ముందుకి వంగి నడిచేవాడు. కొన్నిసార్లు నన్నూ పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాడు. నీళ్ళు గోదావరి వైపు నుంచి వస్తాయి కనక గూడెం వెళ్ళాలంటే ఎదురెక్కాలి. దారిలో కాలవ ఒక్కసారిగా మెట్టు ఎక్కినట్టు ఎత్తవుతుంది. ఆ మెట్టు దగ్గర కట్టిందే లాకు. రెండు పక్కలా గోడలు, ముందొక జత తలుపులు, వెనకొక జత. పడవ లోపలికి వెళ్ళగానే వెనక తలుపులు మూసేస్తారు. అప్పుడు ముందు తలుపులకున్న తూములు ఎత్తితే పై నీళ్ళు లోపలికి దూకుతాయి. నీళ్ళతోపాటు పడవ మెల్లగా లేస్తుంది. లోపలి నీళ్ళూ పై నీళ్ళూ సమం అయ్యాక ముందు తలుపులు తెరుస్తారు, పడవ దాని దారిన అది పోతుంది.

మొదటిసారి అందులోకి వెళ్ళినప్పుడు నేను గుక్కపట్టి ఏడ్చానట. చుట్టూ పాచి పట్టిన గోడలు, పైన చారెడు ఆకాశం, వెనక తలుపు మూసేశారు, ఏడవక ఏం చేస్తాను. మా నాన్న నన్ను ఎత్తుకుని పైకి చూపించాడు. గోడ అంచున లాకు మనిషి నిలబడి ఉన్నాడు, చుట్ట కాలుస్తూ. ఆయన అక్కడున్నంతసేపూ మనకేం కాదే, లోపల మనుషులుండగా లాకు మనిషి కదలడు, అన్నానికి పిలిచినా పోడు అన్నాడు మా నాన్న. నేను గమనించాను, నిజంగానే కదిలేవాడు కాదు. ఒకసారి వాళ్ళావిడ గట్టు మీంచి పిలిస్తే, ఉండవే పడవుంది అని కసిరాడు కూడా. అప్పట్నుంచి నాకు భయం పోయింది. నా వరకు లాకంటే తలుపులూ కాదు, గోడలూ కాదు, పైన నిలబడ్డ ఆ మనిషి.

ఆ తరవాత మా నాన్న గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పడవ పని పోయింది. నన్ను గూడెంలో ఒక ఇంట్లో పనికి పెట్టారు. పదేళ్ళుంటాయేమో నాకు. దాని గురించి ఏడ్చి రాయడం నాకిష్టం లేదు, అప్పట్లో మాలాంటి ఇళ్ళల్లో జరిగేదే. మా అమ్మ తల దువ్వి, నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, తెలిసినవాళ్ళ పడవ ఎక్కించింది.

ఆ ఇంటాయన ఏదో ఆఫీసులో గుమాస్తా. ఇంటావిడ, ఏడాది నిండని చంటాడు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. వాళ్ళు తిన్నదే నాకూ పెట్టేవారు. ఆవిడ తన పాత చీరలు చింపి నాకు పరికిణీలు కుట్టింది. చంటాడైతే నా చంక దిగేవాడు కాదు. వాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను లోపల పెట్టి తాళం వేసేవారు. నాకు ముందు పనిచేసిన పిల్ల ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి వాళ్ళ ఊరు పారిపోయిందట. అందుకని వీధి తలుపుకీ తాళమే, పెరటి తలుపుకీ తాళమే. ఎవరో పారిపోతే నన్ను మూసిపెట్టడమేమిటని అడగాలని అప్పటికి నాకు తోచలేదు.

ఆయనకి ఇంగ్లీషు మాటలు వాడటం సరదా. మెట్లు దిగాక వెనక్కి తిరిగి, లాక్ చేశావా అని ఆవిడని అడిగేవాడు. చేశానండీ అనేది ఆవిడ. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ధైర్యమే కలిగింది. ఇది కాలవ కాదనీ, వేసింది ఇనప తాళమనీ నాకు తెలుసు, అంత తెలివితక్కువదాన్ని కాదు. అయినా లాకన్నారు కదా, బయట ఒక మనిషిని నిలబెట్టే వెళ్ళి ఉంటారనుకున్నాను. లోపల మనిషుండగా ఊరికే ఎలా పోతారు. కాసేపు పనిచేసుకుని, ఆ మనిషెవరో చూద్దామని కిటికీ చువ్వల్లోంచి తొంగి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. ఒక మేక పడుకుని ఉంది. ఆ తరవాత ఎన్నోసార్లు తాళం వేసి వెళ్ళారు. మొదట్లో ఏడ్చేదాన్ని, తరవాత ఏడవడం మానేశాను గానీ, తిరిగి వాళ్ళ అడుగుల చప్పుడు వినబడేదాకా నేను కిటికీ వదిలేదాన్ని కాదు.

ఒక రోజు వాళ్ళు మ్యాట్నీకి బయల్దేరారు. చంటాడు నిద్రపోతున్నాడు. వాణ్ణి లేపడమెందుకు, పిల్ల ఉందిగా, పడుకోనియ్యి అన్నాడు ఆయన. ఆవిడ కాసేపు తటపటాయించి, లేస్తే పాలకేడుస్తాడండీ అని వాణ్ణి భుజాన వేసుకుంది. వెళ్తూ ఊక పొయ్యి మీద పాలగిన్నె పెట్టి, పొంగకుండా చూస్తూ ఉండమని చెప్పింది. గూడెంలో రైసుమిల్లుల పుణ్యమా అని ఊకకి కొదవ లేదు. ఆ వీధిలో అందరివీ ఊక పొయ్యిలే. పొయ్యి పక్కన గోనెసంచి నిండా ఊక ఉండేది.

నేను ముందు గదిలో చంటాడి గుడ్డలు మడతపెడుతూ ఉన్నాను. ఏదో కమురు వాసన వచ్చి వంటింట్లోకి వెళ్ళేసరికి గోనెసంచి అంటుకుని ఉంది. ఊక భగ్గున మండదు. లోలోపల రగులుతుంది, పొగ మాత్రం కళ్ళు పొడిచేస్తుంది. వంటిల్లు కనబడటం లేదు. పెరటి తలుపు లాగాను, రాలేదు. వీధి తలుపు దగ్గరికి పరిగెత్తి అరచేతుల్తో కొట్టాను. వచ్చేది కాదని తెలిసినా కొట్టాను. ఆ తరవాత కిటికీ దగ్గరికి వచ్చి, అక్కా అని అరిచాను.

పక్కింటి అక్క వాళ్ళు సాయిబులు. ఆయన బజారులో కూర్చుని గొడుగులు, తాళాలు, రేకు పెట్టెలు బాగుచేసేవాడు. రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ. అక్క గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ప్రతి మాటకీ అండీ తగిలించేది. కానీ గుచ్చదలచుకుంటే ఆ అండీతోనే గుచ్చేది.

కేక విని చేతిలో చేట అలాగే పట్టుకుని వచ్చింది. తాళం ఒకసారి లాగి చూసింది, కిటికీలోంచి లోపలికి చూసింది. ఆమె మొహం పాలిపోయింది గానీ గొంతు మారలేదు.

"ఏడుపు తరవాతమ్మా. ముందు గుడ్డ తడిపి ముక్కుకి కట్టుకో. బిందెలో నీళ్ళున్నాయా?"

"ఉన్నాయక్కా."

"వంగి వెళ్ళు, పొగ పైన ఉంటుంది. సంచి మీద కుమ్మరించు. పొయ్యి మీద పోసేవు, ఆవిరి కొడుతుంది. పోసి మళ్ళీ నా దగ్గరికి రా. నేనిక్కడే ఉన్నాను."

వెళ్ళాను, పోశాను, వచ్చాను. ఇంకా రగులుతోందంటే మళ్ళీ పంపింది. చెంబుతో పోశాను, కుండలో ఉన్నదీ పోశాను. వెళ్ళిన ప్రతిసారీ నేనిక్కడే ఉన్నాను అంటూనే ఉంది. చివరికి పొగ పల్చబడింది. నేను చువ్వలు పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాను. అక్క చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నా మొహం తన కొంగుతో తుడిచింది. నన్ను బయటికి తియ్యమని ఏడ్చాను. మీ ఆయనకి తాళాలు తియ్యడం వచ్చు కదక్కా, పిలువక్కా అన్నాను.

అక్క తాళం వైపు ఒకసారి చూసింది. నిప్పు ఆరకపోతే పిలిచేదాన్నే అంది. ఆరింది కనక పిలవలేనంది. తాళాలు బాగుచేసేవాడు పరాయివాళ్ళింటి తాళం తీశాడంటే, ఎందుకు తీశాడని ఎవరూ అడగరు, ఇక ఊళ్ళో ఏ ఇంట్లో ఏం పోయినా మా గుమ్మంలోకే వస్తారు అంది. ఆ వయసులో నాకది సగమే అర్థమైంది. ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. పేదవాళ్ళ చేతికి పనితనం ఉంటే దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా వాళ్ళే తెలుసుకోవాలి.

కానీ ఆమె ఇంట్లోకి వెళ్ళిపోలేదు. చేట ఒళ్ళో పెట్టుకుని మా మెట్ల మీదే కూర్చుంది, కిటికీ కింద. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ నన్ను మాట్లాడించింది. మంచినీళ్ళు, బెల్లం ముక్క చువ్వల్లోంచి అందించింది. మీ ఊళ్ళో ఏమేం ఉంటాయి అని అడిగితే నేను కాలవ గురించి, పడవల గురించి, లాకు గురించి చెప్పాను. లాకు మనిషి గురించి కూడా చెప్పాను.

"అన్నానికి కూడా పోడా?" అంది అక్క.

"పోడు. లోపల పడవుంటే పోడు."

"మరి మీ గుమాస్తాగారు సినిమాకి పోయారేమే?" అని తనలో తనే నవ్వుకుంది. కాసేపటికి చేట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక తాళంకప్ప ఉంది. ఎవరో మిల్లువాళ్ళు ఇస్తే వాళ్ళాయన బాగుచేసి ఉంచింది. నా రెండు అరచేతులు కలిపితే ఎంతో అంత ఉంది. మా వీధి తలుపు రెండు రెక్కలకీ చెరొక ఇనప కడియం ఉండేది. ఆ రెండు కడియాలనీ కలిపి ఆ కప్ప తగిలించి, చెవి తిప్పింది. టక్కుమని పడింది.

ఉన్న తాళం చాలక ఇంకోటా అని నోరు తెరిచాను. అక్క కిటికీ దగ్గరికి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"తియ్యడం నాకు తప్పుగానీ వెయ్యడం తప్పేముందే. ఇది నీ దగ్గర ఉంచు. నేనడిగినా ఇవ్వకు. వాళ్ళడిగితే ఇవ్వు, కానీ ఊరికే ఇవ్వకు. నీకేం కావాలో చెప్పి ఇవ్వు."

ఏం చెప్పాలో నాకు తెలియదన్నాను. అప్పటికి తెలుస్తుందిలే అని మళ్ళీ చేట అందుకుంది.

ఆ చెవి పట్టుకుని కూర్చున్న కాసేపూ నాకెలా ఉందో చెప్పాలి. తలుపు తెరుచుకోలేదు. నేనింకా లోపలే ఉన్నాను. బయట ఇప్పుడు రెండు తాళాలున్నాయి. అయినా అంతకుముందున్న బెంగ లేదు. మెట్ల మీద మనిషుంది, నా చేతిలో చెవి ఉంది.

ఎండ గోడ దిగుతుండగా వాళ్ళు రిక్షాలో వచ్చారు. చంటాడు ఏడుస్తున్నాడు. మా మెట్ల మీద కూర్చున్న అక్కని చూసి ఆయన మొహం చిట్లించాడు. తన తాళం తీసి తలుపు తోశాడు. రాలేదు. అప్పుడు కనబడింది ఆయనకి మిల్లు కప్ప.

"ఇదెవరిది?"

"మాదేనండీ" అంది అక్క లేచి నిలబడి. "మీ తాళం మరీ చిన్నదండీ, ఏ దొంగకైనా లోకువే. ఇరుగుపొరుగువాళ్ళం కదా, ఇంట్లో పిల్ల కూడా ఉంది, భద్రంగా ఉంటుందని మాదీ ఒకటి వేశాను."

"మా ఇంటికి మీరు తాళం వెయ్యడమేమిటి? అడిగి వేశారా?"

"అడిగే వేశానండీ. లోపలున్నది ఆ పిల్లే కదండీ, ఆ పిల్లనే అడిగాను. మీరు వేసినప్పుడు అడిగారో లేదో నాకు తెలియదు." నిజానికి అక్క నన్నూ అడగలేదు.

రిక్షావాడు డబ్బులు తీసుకున్నా వెళ్ళలేదు. హ్యాండిలు మీద మోచేతులు ఆన్చి చూస్తున్నాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముసలాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆయన గొంతు తగ్గించాడు.

"సరే, చెవి ఇవ్వండి."

"నా దగ్గర లేదండీ. పాప దగ్గరుంది. అడిగి తీసుకోండి."

ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. రోజూ నేను తలెత్తి చూసే మనిషి. ఆ రోజు నేను కిటికీ గట్టు మీద కూర్చుని ఉన్నాను కనక ఆయన మొహం నా మొహానికి సమంగా ఉంది. చెయ్యి చాపి, ఇటివ్వు అన్నాడు. నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది, అలవాటు. అక్క ఏమీ అనలేదు, నా వైపు చూడను కూడా లేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చంటాడు నన్ను చూసి నా మీదకి ఉరుకుతున్నాడు. వాడికి ఆకలేస్తోందని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది గానీ చెయ్యి తెరవలేదు.

"లాకు వేస్తే బయట మనిషుండాలండీ" అన్నాను.

"ఏ మనిషి? ఏం వాగుతున్నావ్?"

రిక్షావాడు అందుకున్నాడు. "కాలవ లాకు సంగతి చెబుతోందండీ. పడవలో జనం ఉండగా లాకు మనిషి అక్కణ్ణుంచి కదలడండీ. పిల్ల అడిగింది సబబే."

"నిన్నెవడడిగాడోయ్" అన్నాడు ఆయన.

"ఎవరూ అడగలేదండీ. పిల్లకి మీరు జవాబు చెబితే నేను పోతాను" అన్నాడు రిక్షావాడు. అరుగు మీది ముసలాళ్ళు నవ్వారు.

అప్పుడు ఇంటావిడ కిటికీ దగ్గరికి వచ్చింది. వచ్చి, ముక్కు ఎగబీల్చింది.

"ఏమిటే ఈ వాసన?"

అక్కే చెప్పింది, మామూలుగా, వంట ఏం చేశారో చెప్పినట్టు. "ఊక సంచి అంటుకుందండీ. మీ పిల్లే ఆర్పింది. ఇల్లంతా పొగండీ, కాసేపు పిల్ల నాకు కనబడలేదు కూడా. మీ పాలు మాత్రం పొంగి పొయ్యిపాలయ్యాయి."

ఆవిడ నా మొహం చూసింది. కనుబొమల మీద మసి ఉండి ఉంటుంది. తరవాత భుజం మీదున్న చంటాణ్ణి చూసుకుంది. వాణ్ణి గట్టిగా పట్టుకుని, మొగుడి వైపు తిరిగి, చాలా చిన్న గొంతుతో అంది. "వీణ్ణీ లోపలే పడుకోబెట్టి వెళ్దామన్నారు మీరు."

ఆయన కాసేపు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి, ఇక నిన్ను లోపల పెట్టి వెయ్యంలే, ఇవ్వమ్మా అన్నాడు. నన్ను ఆయన అమ్మా అనడం అదే మొదలు. నేను చెవి ఇచ్చాను. మిల్లు కప్ప తీసి ఆయనే అక్క చేతికిచ్చాడు. అక్క, ఉంటానండీ అని చేట తీసుకుని వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది.

దాంతో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకు పోయిందేమీ లేదు. రెండిళ్ళ మధ్య గోడ మీంచి కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. నలుగురిలో పరువు తీసిందని ఆవిడకి కూడా అక్క మీద కోపమే. కానీ మళ్ళీ సినిమాకి వెళ్ళే రోజు వచ్చినప్పుడు, ఆవిడే నా చెయ్యి పట్టుకుని పక్కింటి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. ఇది ఇక్కడ కూర్చుంటుంది అంది ఎటో చూస్తూ. కూర్చోనివ్వండి, మాకూ కబుర్లు చెప్పేవాళ్ళు కావాలి కదండీ అంది అక్క. అప్పటినుంచి నన్ను లోపల పెట్టి ఎవరూ తాళం వెయ్యలేదు. అక్క వాళ్ళింట్లో తట్టల నిండా పనిచెయ్యని తాళాలుండేవి. వాళ్ళ తలుపుకి మాత్రం గొలుసు తప్ప ఏమీ లేదు. ఇదేమిటక్కా అంటే, తాళాలవాడింట్లో ఏముంటాయే ఎత్తుకుపోవడానికి, తాళాలు తప్ప అని నవ్వేది.

ఆమె నాకు అక్షరాలు నేర్పలేదు, ఆమెకీ రావు. కష్టపడితే పైకి వస్తావనీ, దేవుడున్నాడనీ ఏమీ చెప్పలేదు. నా తరఫున ఆయనతో పోట్లాడనూ లేదు. అదే చేసి ఉంటే ఆ రోజుకి ఆయన తిట్టేవాడు, మర్నాడు మళ్ళీ తాళం వేసేవాడు. ఆయన నన్ను అడగాల్సిన పరిస్థితి తెచ్చి పెట్టి తను పక్కకి తప్పుకుంది. అడిగించుకున్న మనిషిని మర్నాడు లెక్కలేనట్టు చూడటం ఎవరికైనా కొంచెం కష్టం. ఇది నేను పెద్దయ్యాక, నలుగురి ఇళ్ళల్లో పనిచేశాక, ఆలోచించుకుని తెలుసుకున్న సంగతి. ఆ రోజు మాత్రం నాకు తెలిసింది చెయ్యి మూసి ఉంచవచ్చని.

హాస్టల్లో చేరిన కొత్తలో ఓనరుగారు నన్ను పిలిచి, గేటుకి బయటినుంచి తాళం వేసి చెవి తన ఇంట్లో ఇచ్చి వెళ్ళమన్నారు. ఎవరో పిల్ల చెప్పకుండా బయటికి వెళ్ళిందని ఆయన కంగారు. అలా వెయ్యనండీ అన్నాను. తాళం లోపలివైపు వేద్దాం, చెవి లోపలే మేకుకి తగిలిద్దాం, నేను గేటు పక్కనే పడుకుంటాను అన్నాను.

"చెవి లోపలుంటే వాళ్ళే తీసుకుని పోతారు. ఎవరైనా పారిపోతే బాధ్యత నీదా?" అన్నారాయన.

"నాదేనండీ. మంట లేస్తే బాధ్యత మీరు తీసుకుంటారా మరి?"

ఇలాంటి ఆయాని ఎక్కడా చూడలేదన్నారు. పని మానేస్తానేమోనని కూడా చూశారు. నేను మానలేదు, చెవీ మేకు మీంచి కదల్లేదు. పిల్లల్లో పొట్టివాళ్ళకి కూడా అందేలా ఆ మేకు నేనే దిగువకి కొట్టించాను.

మా అమ్మాయిని అత్తిలి ఇచ్చాం. సెలవు దొరికితే అక్కడికి వెళ్తాను. అందరం కలిసి ఎక్కడికైనా బయల్దేరినప్పుడు, అల్లుడు తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడితే, నేను మళ్ళీ లోపలికి తల పెట్టి, ఎవరైనా ఉన్నారా అని ఒక కేక వేస్తాను. అందరూ ఎదురుగా వీధిలోనే ఉంటారు. అయినా వేస్తాను. మా అల్లుడు నవ్వుతాడు. నవ్వనీ. లోపల్నుంచి బదులు రాలేదని తేలాకే అతన్ని తాళం వెయ్యనిస్తాను.